స్వామికి వెన్న పూసిన చేతులు

మా పేటలోని ఆంజనేయస్వామి మందిరంలో ప్రసాదం పంచేటప్పుడు జనాన్ని చూడాలి. మా బెంగళూరు లెక్కన మార్గశిరంలో వచ్చే హనుమజ్జయంతి అయిన మర్నాడు పొద్దున, స్వామి ఒంటిమీది వెన్న అలంకారాన్ని తీసి దొన్నెల్లో పెట్టి పంచేవాళ్ళు. స్వామి బుగ్గ మీది వెన్న తింటే పిల్లలకు చదువొస్తుందని, ఛాతీ మీదిది తింటే ఆయాసం తగ్గుతుందని, తోక మీదిది తింటే కోర్టు కేసు గెలుస్తామని ఎవడో కనిపెట్టాడు. ఇక చూసుకోండి. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు బుగ్గల కోసం మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన వరసలో రెండుసార్లు నిలబడేవాడు. రెండోసారి ఎవరూ గుర్తుపట్టకుండా మఫ్లరు తీసేసి వచ్చేవాడు. ఆ హెడ్మాస్టరే బడిలో మాకు నీతిపాఠాలు చెప్పేవాడు.

ఆ వెన్న పూసేది మా అన్న. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా పెద్దలు ఎప్పుడో రాయలసీమ నుంచి బెంగళూరు వచ్చి మగ్గాలు పెట్టుకున్నవాళ్ళు. మా నాయన కాలానికి మగ్గం పోయి కార్ఖానా ఉద్యోగం వచ్చింది, మందిరం మాత్రం మిగిలింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, స్వామి దగ్గర రెండూ. నాయన ఆ మందిరానికి సెక్రటరీ. సెక్రటరీ అంటే ఏమీ లేదు, తాళాలు ఆయన దగ్గరుంటాయి, మైకు చెడిపోతే ఆయన్ను తిడతారు. ప్రెసిడెంటు వేరే. ఆయనకు పట్టునూలు దుకాణం, జరీ అంచు కండువా, ఏ సంగతి మీదైనా శాస్త్రం ఏమంటుందో చెప్పేసే గొంతు ఉండేవి. ఆయన ఏ శాస్త్రం ఎక్కడ చదివాడో అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

వెన్న అలంకారం చూడటానికి ముద్దుగా ఉంటుంది గాని చెయ్యడం ఒళ్ళు హూనమయ్యే పని. ముందు రాతి స్వామిని వేన్నీళ్ళతో కడిగి నూనె జిడ్డు వదిలించాలి. ఉప్పు లేని తెల్ల వెన్నను ఐసు నీళ్ళలో పిసికి మజ్జిగ చుక్క లేకుండా చెయ్యాలి. ఆ తర్వాత మాటిమాటికీ చేతులు ఐసు నీళ్ళలో ముంచుతూ, కొంచెం కొంచెంగా వెన్న తీసి రాతికి అద్దుతూ పోవాలి. చెయ్యి వెచ్చబడిందంటే వెన్న వేళ్ళకే అంటుకుంటుంది, స్వామికి అంటుకోదు. మా అన్న కార్ఖానాలో డ్రాయింగులు గీసేవాడు. ఆ చేతికి వంపు ఎక్కడ మొదలవ్వాలో తెలుసు. బుగ్గలు, దవడ, ఎత్తిన గద, వెనక నుంచి తల మీదికి తిరిగే తోక. కళ్ళకు ఎండుద్రాక్ష, కనుబొమలకు లవంగాలు, కిరీటానికి జీడిపప్పు. ఐదు గంటలు పట్టేది. పక్కన నాయన ఐసు నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడేవాడు. మామూలు రోజుల్లో ఆ తండ్రీకొడుకులు పది మాటలు మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆ ఐదు గంటలూ అన్న "నీళ్ళు" అంటే గిన్నె ముందుకు వచ్చేది, "చాలు" అంటే వెనక్కి పోయేది. అంతకుమించి మాటలతో వాళ్ళకు అవసరం ఉన్నట్టు కనపడేది కాదు.

నాకు దేవుడంటే నమ్మకం లేదు. ఆ మఫ్లరు హెడ్మాస్టరును చూశాకే పోయిందనుకుంటాను. మందిరానికి వెళ్ళేది అన్న పని చూడటానికి. వాడికి మాత్రం నమ్మకం ఉండేది. చాలామందికుండే రకం కాదు, ఇది చేస్తాను అది ఇవ్వు అనే బేరం వాడికి తెలియదు. స్వామికి ముఖం దిద్దేటప్పుడు వాడు పెదవి కదిలించకుండా ఏదో మాట్లాడుతూ ఉండేవాడు. ఏం మాట్లాడతావురా అని ఒకసారి అడిగాను. "ఏముంటాది, ఆఫీసు సంగతులు" అన్నాడు. ఎగతాళి చెయ్యడానికి నాకు ఏమీ దొరకలేదు.

అన్నకు ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ వద్దన్నాడు. మరొకడైతే పేట నోళ్ళు ఊరుకునేవి కావు. కాని వెన్న అలంకారం చేసేవాడు కదా, అందుకని మా వాళ్ళు దానికి గొప్ప అర్థం ఒకటి తీశారు. వీడు స్వామి సేవకే పుట్టినాడన్నారు. ఆంజనేయుడు బ్రహ్మచారి, అందుకే స్వామి ఒక బ్రహ్మచారి చేతినే ఏరుకున్నాడన్నారు. ప్రెసిడెంటు మైకులో ఆ మాట చెప్పినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. పిల్లలకు జ్వరం వస్తే అన్న చేత తల మీద చెయ్యి పెట్టించుకుపోయేవాళ్ళు. ఒకామె ఎదురొచ్చి కాళ్ళకు మొక్కింది. అన్న నాలుగు అడుగులు వెనక్కి వేసి, చెప్పులు వదిలేసి ఇంట్లోకి వచ్చేశాడు.

నిజం నాకు తెలుసు. తొంభైల్లో, బెంగళూరు అంచున వర్తూరు ఇంకా పల్లెగానే ఉన్న రోజుల్లో, అక్కడి చెరువు కట్ట మీద కూర్చుని వాడే చెప్పాడు. వాడి మనసు ఆడవాళ్ళ మీదికి పోదు, మగవాళ్ళ మీదికే పోతుంది. అప్పటికే ఒకతను ఉన్నాడు. కదిరి వైపు నుంచి వచ్చి వర్తూరులో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పే మేష్టరు. వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగం మారినప్పుడు, దూరం అని సాకు చెప్పి అన్న ఆ మేష్టరు అద్దె ఇంట్లోకి మారాడు. మా ఇంట్లో మేష్టరు పేరు రూమ్మేటు. శనివారం శనివారం అన్న పేటకు వచ్చి స్వామికి చిన్న అలంకారం చేసి, అమ్మ పెట్టిన ఉప్పిట్టు తిని వెళ్ళేవాడు. రూమ్మేటు కోసం అమ్మ ఒక డబ్బా విడిగా కట్టి ఇచ్చేది. ఏళ్ళు అట్లా గడిచాయి, ఏ ఆకాశమూ విరిగి పడలేదు.

తగులుకున్నది ఎక్కడంటే ప్రెసిడెంటు తమ్ముడి కూతురి దగ్గర. ఆ అమ్మాయికి ఇరవై ఎనిమిది వచ్చింది, సంబంధాలు కుదరడం లేదు. బ్రహ్మచర్యం గొప్పతనం గురించి మైకులో అరిచిన ఆ నోటితోనే ప్రెసిడెంటు మా ఇంటికి వచ్చి, "స్వామి సేవ పెండ్లయినాక గూడా చేసుకోవచ్చు, శాస్త్రంలో ఉండాది" అన్నాడు. అన్న వద్దన్నాడు. వద్దంటే వద్దని ఊరుకునే మనిషి కాదు ప్రెసిడెంటు. పిల్లవాడి గురించి విచారించి రమ్మని దుకాణంలో గుమాస్తాను వర్తూరు పంపాడు. మా వాళ్ళలో పెళ్ళి విచారణ అంటే ఉద్యోగం చూడటం కాదు, ఇంటి ఓనరును, పాలవాణ్ణి, ఎదురింటి ముసలమ్మను అడగడం. ఓనరు నిజం చెప్పాడు. ఇద్దరే ఉంటారు, ఒకే మంచం, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు పని మానేస్తారు, మంచోళ్ళు, అద్దెకు ఎప్పుడూ ఇబ్బంది లేదు అన్నాడు. గుమాస్తా ఇందులో చివరి రెండు మాటలూ వదిలేసి మిగతాది పేటకు మోసుకొచ్చాడు.

వారం తిరిగేలోగా మా ఇంటి ముందు నడిచేవాళ్ళు నడక నెమ్మది చేసి లోపలికి తొంగి చూడటం మొదలుపెట్టారు. తల మీద చెయ్యి పెట్టించుకున్న పిల్లల తల్లులు ఆ పిల్లలకు మళ్ళీ తలంటి పోశారు. వాళ్ళు పదేళ్ళుగా తిన్న వెన్నను మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అమ్మ ఒక స్వామీజీ దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్ళు మూసుకుని, ఇది వేడి వల్ల వచ్చే వికారం, నలభై ఎనిమిది రోజులు ఉల్లి, వెల్లుల్లి, వంకాయ మానిపించమన్నాడు. వంకాయకూ మనసుకూ ఉన్న ఈ సంబంధం కనిపెట్టడానికి ఆయన ఎన్నేళ్ళు తపస్సు చేశాడో నాకు తెలియదు. అమ్మ నిజంగానే మా ఇంట్లో వంకాయ మానేసింది. అన్న ఇంట్లో లేడు, తినేది నేనూ నాయనా, అయినా మానేసింది.

మందిరం కమిటీ కూర్చుంది. నాయన సెక్రటరీ గనక తన కొడుకు మీద జరిగే పంచాయతీకి తానే తాళం తీసి, తానే చాప పరిచి, తానే కాఫీ తెప్పించాడు. బ్రహ్మచారి స్వామిని అట్లాంటి చెయ్యి తాకకూడదు, శాస్త్రం ఒప్పుకోదు అన్నాడు ప్రెసిడెంటు. ఏ శాస్త్రం అని ఎవరూ అడగలేదు. కాని అందరికీ ఒక బాధ ఉంది. జయంతి ఇంకా మూడు వారాలే ఉంది. అంత బాగా ముఖం దిద్దేవాడు ఇంకొకడు లేడు. పాపం ఒక పక్క, స్వామి ముక్కు ఒక పక్క. చివరికి వాళ్ళు ఒక దారి కనిపెట్టారు. అన్న వచ్చి స్వామి ముందు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, తాను బ్రహ్మచర్యం తప్పలేదని ప్రమాణం చేస్తే చాలు. కర్పూరం ఆర్పి చెప్పిన మాటకు మా పేటలో తిరుగు లేదు. ఆ తర్వాత ఎవరైనా నోరెత్తితే వాడే పాపాత్ముడు. నిజమేమిటో కమిటీలో ప్రతివాడికీ తెలుసు. వాళ్ళకు నిజంతో పని లేదు, ప్రమాణంతోనే పని.

శనివారం పొద్దున అన్న వచ్చాడు. నడవలో కూర్చోబెట్టి నాయన సంగతి చెప్పాడు. ఆయన గొంతు నేను అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"ఒక్క మాటప్పా. కర్పూరం ఆర్పి, లేదు అని చెప్పేస్తే అయిపోతాది. మళ్ళా నీ పని నువ్వు చేసుకోవచ్చు."

"ఉండేదాన్ని లేదని ఎట్లా చెప్పేది నాయనా?"

"అందరికీ తెలుసు కదా, ఎవురూ పట్టించుకోరు. సుమ్నే, ఊరికే ఒక మాట."

అన్న నా వైపు తిరిగాడు. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. వాడి పక్షాన ఆ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నేను చెప్పింది ఇది: "చెప్పేయి అన్నా. వాళ్ళ మొహానికి నిజం ఒకటి ఎందుకు? వాళ్ళకు అబద్ధమే కావాల, అదే పారేసి రా. రాయి ముందర చెప్తే ఏంది, గోడ ముందర చెప్తే ఏంది?" చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. అన్న కాళ్ళ దగ్గర పెట్టుకున్న రూమ్మేటు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

సాయంత్రం భజన అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. మామూలుగా మంగళహారతి కాకముందే చెప్పులు వెతుక్కునేవాళ్ళు కూడా ఆరోజు కదలకుండా కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు నేను స్తంభం పక్కన నిలబడ్డాను. పూజారి ఇత్తడి పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాడు. అన్న స్వామి ముందు నిలబడి, మంట మీదికి చెయ్యి చాపాడు. కమిటీవాళ్ళ ముఖాలు చూశాను. నమ్మడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో. ప్రెసిడెంటు అప్పుడే కండువా సర్దుకుని మైకు వైపు ఒక అడుగు వేశాడు.

అన్న చెయ్యి అట్లాగే ఉంది. మనుషుల వైపు తిరగలేదు, స్వామితోనే మాట్లాడాడు.

"స్వామీ, నేను ఒకతనితో ఉంటాండా. నీకు తెలుసు, ఎన్నోతూర్లు చెప్పినా. వీళ్ళు నీ ఎదురుగా కాదని చెప్పమంటాండారు. వేరే ఎవురి ముందరన్నా చెప్పుందును. నీ ముందర నా చేత కాదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కర్పూరం దానంతట అది కాలి, నల్ల మచ్చ మిగిల్చి ఆరిపోయింది. "ఛ, స్వామి ముందర ఇట్లాంటి మాటలేనా" అన్నాడు ప్రెసిడెంటు. అబద్ధం చెప్పమని పిలిచినప్పుడు స్వామి అక్కడే ఉన్నాడు. అప్పుడు ప్రెసిడెంటుకు రాని రోషం, నిజం వినగానే పొంగుకొచ్చింది. అన్న చెప్పులు వేసుకుని బస్టాపు వైపు వెళ్ళాడు. నాయన పళ్ళెం తీసుకెళ్ళి కొళాయి కింద పెట్టి, ఆ మచ్చ పోయేదాకా చింతపండుతో తోముతూ ఉన్నాడు. నేను అన్న వెనకాల వెళ్ళలేదు.  బహుశా సిగ్గు.

ఆ ఏడు జయంతికి కమిటీవాళ్ళు ఎవరో కంట్రాక్టరును పట్టుకొచ్చారు. అతను ఒకే రోజు నాలుగు గుళ్ళు ఒప్పుకునేవాడు. మొదటేడు వెన్న పూశాడు. తర్వాత్తర్వాత వెన్నలో డాల్డా కలపడం మొదలుపెట్టాడు. స్వామి బుగ్గలు ఉబ్బి, పన్ను నొప్పి వచ్చినవాడిలా కనపడేవాడు. జనం ఆ డాల్డా కోసం కూడా పొడుచుకున్నారు. పిల్లలకు చదువు రావాలి కదా. నాయన మాత్రం దొన్నె ఇంటికి తెచ్చి, కొంచెం నాలుక మీద వేసుకుని, మిగతాది కిటికీలో పెట్టేవాడు. మధ్యాహ్నానికి చీమలు కూడా దాని చుట్టూ తిరిగి పోయేవి.

అన్న పేటకు రావడం మానేశాడు. అమ్మ నెలకోసారి నన్ను తోడు తీసుకుని వర్తూరు వెళ్ళేది. నాయన రాలేదు. వర్తూరు అప్పటికి పల్లె కాదు. చెరువు నురగలు కక్కుతోంది, చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, వైట్‌ఫీల్డ్ పోయే బస్సుల్లో ఐడీ కార్డులు వేలాడేసుకున్న తెలుగు పిల్లలు కిక్కిరిసి ఉండేవాళ్ళు. అన్న, మేష్టరు ఆ ఇంట్లోనే ఉన్నారు. ముందు గదిలో గూట్లో ఒక అడుగు ఎత్తు రాతి ఆంజనేయుడు వచ్చాడు. శనివారం అన్న ఆయనకు వెన్న పూసేవాడు, మేష్టరు స్టీలు గిన్నెలో ఐసు నీళ్ళు పట్టుకునేవాడు. వెళ్ళగొట్టారు కదా, ఇంకా ఎందుకురా నీకీ భక్తి అని నేను దెప్పాను. "నన్ను పొమ్మనింది స్వామి కాదు కదా" అన్నాడు.

ఇట్లా ఏడేళ్ళు గడిచాయి. అప్పుడు ఢిల్లీలో ఒక కోర్టు, పెద్దవాళ్ళిద్దరు, ఇద్దరూ మగవాళ్ళయినా సరే, ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని తీర్పు చెప్పింది. ఆ సాయంత్రం టీవీ చూడటం నా జన్మలో మరచిపోలేను. ఒకే సోఫా మీద ఒక కాషాయం, ఒక టోపీ, ఒక శిలువ. మామూలు రోజుల్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టనివాళ్ళు, ఒకరి మాట ఇంకొకరు అందుకుని మరీ పూర్తి చేస్తున్నారు. దేశంలో మతసామరస్యం ఎక్కడుందని వెతుకుతుంటాం గదా, మా అన్న మంచం కింద దొరికింది. ఆ శనివారం మా ప్రెసిడెంటు మైకు పట్టుకుని, కోర్టులు ఏం చెప్పినా ధర్మం మారదని ముప్పావు గంట మాట్లాడాడు. ఆయన మాట్లాడుతుండగానే ముందు వరసలో ఇద్దరు నిద్రపోయారు.

అంతకు ముందేడు జయంతికి ఇంకొకటి జరిగింది, అది చెప్పాలి. కేబుల్ చానలువాళ్ళు వచ్చి స్వామికి ఎదురుగా పెద్ద పెద్ద లైట్లు పెట్టారు. కంట్రాక్టరు పూసిన దానికి ఆ వేడి తగిలింది. హారతి ఇస్తుండగా స్వామి ముక్కు మెల్లగా జారి, పెదవి మీద కాసేపు ఆగి, గద మీద పడింది. కెమెరా ఆగలేదు. ఊరంతా చూసింది. ఆ అవమానం ప్రెసిడెంటును ఏడాదంతా తిన్నది. తీర్పు వచ్చిన ఏడు జయంతికి ఏదో పెద్ద మఠం నుంచి స్వామీజీ వస్తున్నాడు. మంచి పనివాళ్ళందరినీ వేరే గుళ్ళు ముందే మాట్లాడేసుకున్నాయి.

జయంతికి పది రోజుల ముందు ఒక ఆదివారం పొద్దున నేను వర్తూరులో అన్న ఇంట్లో ఉన్నాను. గుమ్మం ముందు కారు ఆగింది. ప్రెసిడెంటు దిగాడు. ఆయన వెనక నాయన దిగాడు. ఆ గుమ్మం నాయన తొక్కడం అదే మొదటిసారి. లోపలికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, గూట్లో స్వామికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ముందురోజు చేసిన అలంకారం ఇంకా ఉంది. ఆయన దాని నుంచి కళ్ళు తిప్పుకోలేదు.

ప్రెసిడెంటు ఇల్లంతా చూశాడు. వంటిల్లు, పుస్తకాలు, తీగ మీద ఆరుతున్న రెండు తువ్వాళ్ళు. మంచం కనపడే తలుపు వైపు మాత్రం మెడ తిప్పకుండా చాలా కష్టపడ్డాడు. మేష్టరు మంచినీళ్ళు తెచ్చి పెడితే గ్లాసు ముట్టలేదు.

"ఏమప్పా, పాతవన్నీ మర్చిపోదాం" అన్నాడు. "స్వామి కార్యం. నువ్వు తెల్లారకముందే వచ్చి అలంకారం చేసేసి పో. వెనక బాగిలు తీసిపెట్టిస్తా. ఎవురికీ తెలియాల్సిన పని లేదు. ప్రమాణం గీమాణం ఏమీ వద్దు."

నాకు కాలిపోయింది. "ఏడేండ్ల కింద ఈ చేతులు ముట్టకూడదని శాస్త్రంలో ఉండె కదా సార్. ఇప్పుడు శాస్త్రం కొత్తది అచ్చేసినారా?" అన్నాను. ఇంకా చాలా ఉన్నాయి నా దగ్గర, ఏడేళ్ళుగా దాచుకున్నవి.

"నువ్వుండు పాపా" అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు నువ్వూ వీళ్ళ మాటే చెప్పినావు."

గదిలో అందరి ముందూ అన్నాడు.  ఏడేళ్ళుగా ఆ పేటను, ఆ కమిటీని, వంకాయ స్వామీజీని, అందరినీ పురుగుల్లా చూస్తూ వచ్చాను. వాళ్ళు అన్నను అడిగిందీ నేను అడిగిందీ ఒకటే. వాళ్ళకు దేవుడంటే లెక్కలేదు, నాకు దేవుడే లేడు. ఆరోజు మందిరంలో స్వామి నిజంగా ఎదురుగా ఉన్నాడని నమ్మినవాడు ఒక్కడే, వాణ్ణి వెళ్ళగొట్టుకున్నాం.

అన్న ప్రెసిడెంటు వైపు తిరిగాడు. వాడు ఎంత రావాలనుకుంటున్నాడో నాకు కనపడుతూనే ఉంది. వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు, ఐసు నీళ్ళలోంచి తీసినప్పుడు చేసినట్టు.

"వస్తా సార్. పొద్దున ఎనిమిదికి, ముందు బాగిల్లో వస్తా. ఈయన గిన్నె పట్టుకుంటాడు. ఎవురు చేసినారో మైకులో చెప్పండి. తెలిసి తినేవాళ్ళు తింటారు."

"అది ఎట్లా అవుతాదప్పా. నువ్వంటే సరే, మనోడివి. ఈయప్ప..." ప్రెసిడెంటు మేష్టరు వైపు చూడకుండా చెయ్యి ఊపాడు. "జనం ఒప్పుకోరు."

"అయితే వద్దు సార్."

అంతే. ప్రెసిడెంటు లేచాడు. అప్పుడు మేష్టరు, ఏ ఉద్దేశంతో చేశాడో ఈ రోజుకీ నాకు తెలియదు, గూట్లో స్వామి బుగ్గ మీది వెన్న ఇంత తీసి, "ప్రసాదం తీసుకోండి సార్" అని చాపాడు. ప్రసాదం వద్దంటే మహాపాపం అని మాకందరికీ మైకులో నేర్పింది ప్రెసిడెంటే. ఆయన ఆ వెన్నను చూశాడు, ఆ చేతిని చూశాడు, స్వామిని చూశాడు. కుడిచెయ్యి చాపక తప్పలేదు. తినలేడు, పారెయ్యలేడు. "ఇంటికి తీసకపోతా, మా ఆమెకు" అని గొణిగి, చేతిరుమాలులో చుట్టి పట్టుజుబ్బా జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగేసరికే జేబు మీద జిడ్డు మచ్చ రూపాయంత అయింది. కారు ఎక్కేటప్పటికి అరచేయంత అయింది. అంత సంతోషం నాకు ఆ ఏడాదిలో మళ్ళీ కలగలేదు.

నాయన కుర్చీలోంచి లేవలేదు. కారు రెండుసార్లు హారన్ కొట్టింది. "మీరు పోండి, నేను బస్సులో వస్తా" అని కిటికీలోంచి చెప్పాడు. తర్వాత మేష్టరు ముందు చెయ్యి చాపాడు. మేష్టరు వెన్న పెట్టాడు. నాయన కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు, చాలాసేపు నాలుక మీదే ఉంచుకున్నాడు.

"గిన్నె పట్టేది నువ్వేనా?" అన్నాడు. ఆయన మేష్టరుతో మాట్లాడిన మొదటి మాట అది.

"నేనే పెద్దాయనా."

"ఐసు శానా ఏస్తాండావు. వెన్న బిరుసెక్కింది."

మేష్టరు తల ఊపాడు. అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. నేను కూడా చెయ్యి చాపాను. నా జీవితంలో ప్రసాదం కోసం చెయ్యి చాపడం చిన్నతనం తర్వాత అదే మొదటిసారి. మేష్టరు వెన్న తీయబోతుంటే అన్న ముఖం తుడుచుకుని ఇటు తిరిగాడు. స్వామి బుగ్గ మీది వెన్న తానే తీసి వేళ్ళ మీద పట్టుకున్నాడు.

"నువ్వు నమ్మవు కదా పాపా, నీకెందుకు?" అన్నాడు.

 నేను చెయ్యి చాపే ఉంచాను.